సొరంగం చేసిన వడపోత

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే పాసింజరులో, అదీ కార్తీకమాసం ఆదివారం నాడు, కిటికీ పక్క సీటు దొరకాలంటే రైలు ప్లాట్‌ఫారం మీద ఇంకా ఆగకముందే ఎక్కేయగల కుర్రాడొకడు మనవాడై ఉండాలి. నాకు ఆ అదృష్టం మా మేనల్లుడి రూపంలో ఉంది. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. వాడు తువ్వాలు పరిచి ఆపిన సీట్లో నేను సర్దుకుని కూర్చునేసరికే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, దాని పక్కన వేలెడంత వైఫై అడాప్టర్ గుచ్చి, చిన్న జీపీఎస్ రిసీవరును కిటికీ అంచున పెట్టేశాడు. ముందు వాడి ఆలోచన వేరు. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో చిన్న కంప్యూటర్ బోర్డు, పవర్‌బ్యాంకు, బయటికి పొడుచుకొచ్చిన యాంటెన్నా పెట్టి తెస్తానన్నాడు. తీగలు కనిపించే డబ్బాతో రైలెక్కితే అరకు బదులు రైల్వే పోలీసుల గది చూసి రావాల్సి వస్తుందని నేనే ఆపాను.

మేం బయల్దేరింది అరకు చూడ్డానికే. కానీ దారి పొడుగునా చుట్టుపక్కల ఏయే వైర్‌లెస్ పరికరాలు పలుకుతున్నాయో, ఆ గుంపులోంచి మనకు కావలసినవాటిని ఎలా విడదీయాలో చూడాలని వాడి కోరిక. ఒక కాలేజీలో వైఫై చూసుకోవడం నా ఉద్యోగం కాబట్టి ఈ కోరిక నాకేమీ వింతగా అనిపించలేదు. వాడు వాడుతున్న కిస్మెట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని నేనూ పనిలో వాడతాను. మైక్ కెర్షా అనే ప్రోగ్రామర్ రాసినది, రెండు దశాబ్దాలకు పైగా నడుస్తోంది. దాని పద్ధతి సులువు. తను ఎవరితోనూ మాట్లాడదు, ఏ నెట్‌వర్క్‌లోనూ చేరదు. వైఫై అడాప్టర్‌ని మానిటర్ మోడ్‌లో పెట్టి, గాలిలో పోతున్న ప్రకటనలన్నీ విని, ఒక్కో పరికరానికి ఒక్కో వరుస చొప్పున జాబితా కడుతుంది. పేరు, రకం, చిరునామా, ఛానల్, సిగ్నల్ బలం, చివరిసారి ఎప్పుడు వినిపించింది. ల్యాప్‌టాప్‌లోనే ఉన్న బ్లూటూత్‌ని కూడా దానికి అప్పగిస్తే వాచీలు, ఇయర్‌బడ్‌లూ వచ్చి చేరతాయి.

రైలు కదలకముందే జాబితా మూడు వందలు దాటింది. స్టేషన్‌లో రైల్‌టెల్ వారి రైల్‌వైర్ ఒక్కటే పాతిక వరుసలు ఆక్రమించింది. ఒకే పేరు కనబడుతున్నా ఒక్కో రూటర్‌కీ ఒక్కో చిరునామా మరి. దాని కింద జనం జేబుల్లోని హాట్‌స్పాట్‌లు. కంపెనీ పెట్టిన ఫోను మోడల్ పేరుతో ఉన్నవి సగం, సినిమా హీరోల పేర్లు పెట్టుకున్నవి కొన్ని, పాస్‌వర్డ్ అడగొద్దని తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో రాసి హెచ్చరిస్తున్నది ఒకటి. సొంత పేరు, ఇంటిపేరు, పనిచేసే ఆఫీసు కూడా కలిపి హాట్‌స్పాట్‌కి పెట్టుకున్న పెద్దమనిషి కూడా ఉన్నాడు. విజిటింగ్ కార్డుని సెకనుకు పదిసార్లు విసిరేస్తున్నట్టు లెక్క. ఇది అతిశయోక్తి కాదు. వైఫై రూటరైనా హాట్‌స్పాటైనా తన పేరుని సుమారు 102 మిల్లీసెకన్లకోసారి ప్రకటిస్తూనే ఉంటుంది. దాన్నే బీకన్ అంటారు.

"ఇంత గుంపులో ఏం చూస్తాం మామయ్యా?" అన్నాడు వాడు, తెర మీద వరుసలు కిందికీ పైకీ గెంతుతుంటే.

కాలేజీలో నాకు ఈ ప్రశ్న రాదు. అక్కడ మా రూటర్ల చిరునామాలన్నీ నా దగ్గర ఉంటాయి. వాటిని తీసేస్తే మిగిలేది హాస్టల్ కుర్రాళ్లు గదుల్లో రహస్యంగా పెట్టుకున్నవి. తెలిసినవి పోగా మిగిలినవే నాకు కావలసినవి. రైల్లో తెలిసినవంటూ ఏవీ లేవు. కాబట్టి ఎలా వడపోయాలన్నది ఏం అడుగుతున్నామన్న దాన్ని బట్టే ఉంటుంది. వాడు మాత్రం ముందు చేతికందిన గడులన్నీ నొక్కి చూశాడు.

రకం ప్రకారం వడపోస్తే వైఫై రూటర్లు ఒకచోట, ఫోన్లు ఒకచోట, బ్లూటూత్ ఒకచోట విడిపోయాయి. చూడ్డానికి బాగుంది గానీ దాంతో తెలిసింది తక్కువ. తర్వాత తయారీదారు. పరికరం చిరునామాలో మొదటి సగం ఏ కంపెనీకి కేటాయించిందో చెబుతుంది, కాబట్టి ఫలానా కంపెనీవే చూపించమని అడగొచ్చు. కానీ ఫోన్ల విషయంలో ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది. 2014లో ఆపిల్ మొదలుపెట్టిన పద్ధతి, 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చేసరికి మామూలైపోయింది. ఫోన్లు అసలు చిరునామా దాచి ఎప్పటికప్పుడు కల్పించుకున్న చిరునామాతో పలుకుతాయి. చిరునామాలో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే అది కల్పిత చిరునామా అని పోల్చుకోవచ్చు. ఆ లెక్కన వడపోసి చూస్తే ఫోన్ల వరుసల్లో అధికభాగం కల్పితాలే. తయారీదారు గడిలో వాటికి ఏమీ లేదు.

సిగ్నల్ బలం మీద వాడికి ఆశ ఎక్కువ. దగ్గరున్నది గట్టిగా వినిపిస్తుందిగా అన్నాడు. నిజమే, కానీ ఈ కొలత తిన్నగా నడవదు. సున్నా అంటే ఒక మిల్లీవాట్. అక్కడినుంచి మైనస్‌లో పది దిగినప్పుడల్లా శక్తి పదో వంతు అవుతుంది. మైనస్ 70 అంటే మిల్లీవాట్‌లో కోటో వంతు, అయినా అది మంచి సిగ్నలే. మైనస్ 70 కంటే బలమైనవే చూపించమంటే జాబితా నాలుగో వంతుకి తగ్గింది. అందులో మా బోగీలోవీ ఉన్నాయి, ప్లాట్‌ఫారం మీద టీ కొట్టులోవీ ఉన్నాయి, పక్క లైన్లో ఆగిన రైల్లోవీ ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నాయన ఫోన్ మాత్రం లేదు. ఆయన దాన్ని ప్యాంటు జేబులో పెట్టుకుని దాని మీదే కూర్చున్నాడు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగానికి నీళ్లతో నిండిన మనిషి ఒళ్లు చిన్న గోడ కాదు.

రైలు కదిలింది. సింహాచలం దాటి కొత్తవలస దాకా మైదానం. ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, గోదాములు పట్టాల పక్కనే. జాబితా కొళాయి విప్పినట్టు పొంగింది. ఇక్కడ వాడికి ఒక లెక్క చెప్పాను, ఎందుకంటే కిస్మెట్ ఏం వినలేదో తెలియకపోతే విన్నదాన్ని నమ్మడం కష్టం. అడాప్టర్ ఒకేసారి ఒకే ఛానల్ వినగలదు. మామూలుగా సెకనుకి ఐదు ఛానళ్ల చొప్పున గెంతుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో పదమూడు ఛానళ్లు, అన్నీ చుట్టి రావడానికి రెండున్నర సెకన్లు. ఒక్కో ఛానల్‌లో ఉండేది అయిదో వంతు సెకను, ఆలోగా ఒక రూటర్ ఒకటో రెండో బీకన్లు వేస్తుంది. రైలు అరవై కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకి పదహారు పదిహేడు మీటర్లు. అటూ ఇటూ కలిపి రెండొందల మీటర్ల మేర వినిపించే రూటర్ మనకు పన్నెండు సెకన్లపాటు దొరుకుతుంది. నాలుగైదు చుట్లు. చాలు. కానీ ఫోను అలా కాదు. అది ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు చుట్టూ ఏ నెట్‌వర్క్ ఉందని ఒకసారి అడిగి ఊరుకుంటుంది. ఆ క్షణంలో మన అడాప్టర్ వేరే ఛానల్‌లో ఉంటే ఆ ఫోను మన జాబితాలో పుట్టనే పుట్టదు.

"అయితే 1, 6, 11 మాత్రమే వింటే? ఎక్కువ రూటర్లు వాటిలోనేగా" అన్నాడు.

వినొచ్చు. ఒకదాన్నొకటి తొక్కని ఛానళ్లు అవే. కానీ వినేటప్పుడే వడపోస్తే పోయింది మళ్లీ రాదు. చూసేటప్పుడు వడపోస్తే గడి ఖాళీ చేయగానే అన్నీ తిరిగొస్తాయి. తొందరపడి ముందే జల్లెడ పెట్టకు, దూరప్రయాణంలో ఏం కావాలో చివరికిగానీ తెలియదన్నాను. వాడు ఒప్పుకున్నాడు గానీ ముఖం ఒప్పుకోలేదు.

ఒక్క విషయంలో మాత్రం ముందే జల్లెడ పెట్టించాను. ప్యాకెట్లలోని సారమేదీ లాగ్‌లో రాయకూడదు, ఎవరు ఏమని ప్రకటించుకుంటున్నారో అంతవరకే. 2010లో గూగుల్ స్ట్రీట్ వ్యూ కార్ల గొడవ వాడికి తెలియదు. వీధుల ఫొటోలు తీస్తూ తిరిగిన ఆ కార్లు వైఫై రూటర్ల ఉనికి నమోదు చేస్తూ, తాళం వేయని నెట్‌వర్క్‌లలో జనం పంపుకున్న సమాచారాన్ని కూడా మూటకట్టుకున్నాయని ఆ కంపెనీయే ఒప్పుకోవలసి వచ్చింది. ఆ కార్లలో గాలిని విన్నది కూడా కిస్మెట్టే. పనిముట్టుది తప్పు కాదు. ఏది రాయాలో ఏది వదిలేయాలో ముందు ఎవరూ కూర్చుని ఆలోచించకపోతే అది అన్నీ రాసుకుంటుంది.

శృంగవరపుకోటలో ఒక ముసలావిడ గంపతో ఎక్కి మా ఎదుటి సీట్లో ఇరుక్కుంది. కాసేపు తెర వైపు చూసి అడిగింది.

"ఏటి బాబూ అది? పొద్దుట్నించీ అంకెలే చూస్తన్నావు. సేరు మార్కెట్టా?"

"కాదు మామ్మా. చుట్టూ ఎన్ని ఫోన్లు మాట్లాడుతున్నాయో చూపిస్తుంది."

"ఎవులేటి మాటాడతన్నారో కూడా ఇనపడతాదా?"

"లేదు మామ్మా, ఉన్నామని చెప్పడం వరకే."

"అయితే మంచిదే" అని ఆవిడ గంప సర్దుకుంది. పైనున్న పేరా అంతా ఆవిడ ఒక్క ప్రశ్నలో అడిగేసింది.

బొడ్డవర దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడినుంచి జపాన్‌కి పంపడం కోసం 1960లలో వేసిన లైను ఇది. ఆ ఖనిజం బండ్లు ఇప్పటికీ దిగుతూనే ఉంటాయి. శివలింగపురంలో మా రైలుని ఆపి ఒక గూడ్సుని వదిలారు. అది పక్కన పోతున్నంతసేపూ ఊరివైపునుంచి వస్తున్న నాలుగైదు సిగ్నళ్లు చప్పబడిపోయి, చివరి వ్యాగన్ దాటగానే మళ్లీ లేచాయి. ఇనుము నింపిన ఇనుప గోడ మరి.

ఆ తర్వాత సొరంగాలు. ఈ లైను మీద మొత్తం 58 ఉన్నాయి. అరకు రైల్లో సొరంగం వస్తే జరిగేది అందరికీ తెలిసిందే. చీకటి పడగానే పిల్లలు మొదలుపెడతారు కేకలు, కాలేజీ కుర్రాళ్లు అందుకుంటారు, చివరికి పెద్దవాళ్లు కూడా నవ్వేస్తారు. ఆ గోలలో తెర వెలుగు మా ఇద్దరి ముఖాల మీద. మొదటి సొరంగాలు చిన్నవి, జాబితా సర్దుకునేలోపు వెలుగొచ్చేసేది. ఒక పొడుగాటి సొరంగంలో మాత్రం, చివరిసారి వినిపించిన సమయం ప్రకారం వరుస పేర్చి చూస్తుండగా, పై వరుసలు స్థిరపడిపోయాయి. కొత్తవి రావడం లేదు. పాతవి కిందికి జారిపోతున్నాయి. సెకన్ల లెక్క మారుతూ పైన మిగిలినవి ఓ నలభై. పొద్దుట్నుంచి వెయ్యి దాటిన జాబితాలో మాతోపాటు రైల్లో ఉన్నవేవో, బయటివేవో ఏ గడి నొక్కినా తేలలేదు. కొండ ఒక్క నిమిషంలో తేల్చేసింది.

వాడికి ఇంకో విచిత్రం కనబడింది. బయట ఉన్నప్పుడు అతి నీరసంగా వినిపించిన వెనక బోగీల హాట్‌స్పాట్‌లు సొరంగంలో కాస్త బలపడ్డాయి. బయట అయితే కిటికీలోంచి పోయిన తరంగం అడవిలోకి పోయి తిరిగిరాదు. ఇక్కడ రాతిగోడకు తగిలి పక్క కిటికీల్లోంచి లోపలికి వస్తుంది. అదే సమయంలో జీపీఎస్ మాత్రం చేతులెత్తేసింది. ఆకాశం కనబడకపోతే దానికి చూపు లేదు. ఎక్కడున్నామో తెలియని ఆ నిమిషంలోనే ఎవరితో ఉన్నామో స్పష్టంగా తెలిసింది.

అప్పుడు తట్టింది మా ఇద్దరికీ. పేరు, తయారీదారు, బలం, రకం ఇవన్నీ ఆ పరికరం గురించి చెప్పేవి. అది మనతో ఉందా, మనం దాన్ని దాటిపోయామా అన్నది చెప్పగలిగేది కాలమొక్కటే. కిస్మెట్ రాసుకునే ఫైలులో ప్రతి పరికరానికీ మొదటిసారి వినిపించిన సమయం, చివరిసారి వినిపించిన సమయం రెండూ ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేది సహవాసం నిడివి. గంటన్నర దాటినవే చూపించమని వాడు అక్కడికక్కడే ఒక ప్రశ్న రాసి నడిపాడు. చిమిడిపల్లి దగ్గర జలపాతం వస్తోందని జనమంతా ఎడమవైపో కుడివైపో అని తర్కించుకుంటుంటే మేం తలెత్తలేదు. ఇది మా బంధువర్గంలో మా పరువుకి మంచిది కాదు.

ప్రశ్నకి వచ్చిన జవాబు ఇరవై చిల్లర వరుసలు. బోగీలో వందమంది పైగా ఉన్నారు, దాదాపు ప్రతివాళ్ల చేతిలో ఫోనుంది. మరి ఫోన్లేవీ? చిరునామా మార్చుకుంటూ పోయే ఫోను ఒకే మనిషిగా మనతో ప్రయాణం చేయదు. ఎప్పటికప్పుడు కొత్త పరికరంగా పుట్టి పాతది చనిపోతుంది. బ్లూటూత్‌లోనూ అంతే, సుమారు పదిహేను నిమిషాలకి చిరునామా మారుతుంది. అంటే మా వడపోత పట్టుకోలేని ప్రతి ఫోనూ తన యజమానిని సరిగ్గా కాపాడుతున్నట్టే. వాడు నిరాశపడ్డాడు. నాకు సంతోషమే వేసింది. వలలో పడ్డవి ఆన్ చేసి మరిచిపోయిన హాట్‌స్పాట్‌లు, చవక రకం చేతి బ్యాండ్‌లు, చిరునామా మార్చడం నేర్వని ఇయర్‌ఫోన్లు, మా సొంత పరికరాలు. ఒక పాత ఫోను మాత్రం తను ఎప్పుడో చేరిన నెట్‌వర్క్‌లను పేరు పెట్టి పిలుస్తోంది, ఒక లాడ్జి, ఒక కోచింగ్ సెంటరు, ఒక ఇల్లు. కొత్త ఫోన్లు ఆ అలవాటు చాలావరకు మానేశాయి.

ఆ ఇరవై చిల్లరలో ఒకటి పేరులోనే తను వినికిడి యంత్రమని చెప్పుకుంటోంది. బలం మైనస్ 65 దగ్గర ఆడుతోంది, అంటే మా బోగీలోనే, బహుశా ఈ సగంలోనే.

"అటు చివరిదాకా నడిచి వస్తే బలం ఎక్కడ పెరుగుతుందో చూసి ఎవరిదో చెప్పేయొచ్చు మామయ్యా" అని లేచాడు.

"కూర్చో."

"ఊరికే, సరదాకి."

"ఎవరికి సరదా? ఆ చెవిలో పెట్టుకున్న మనిషి నీకు చెప్పలేదు. ఆ యంత్రం చెప్పింది. అదీ నీకు కాదు, తన ఫోనుకి."

కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. ముసలావిడ మా వంక చూసింది. వాడు కూర్చుని బఠాణీల పొట్లం విప్పాడు.

వెతకాల్సిన సందర్భాలూ లేకపోలేదు. నాణెమంత బ్లూటూత్ ట్యాగులు వచ్చాక, 2021లో ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ తర్వాత మరీ, ఇంకొకరి బ్యాగులో ట్యాగు పడేసి వాళ్ల వెంటపడే దుర్మార్గం బయల్దేరింది. దానికి విరుగుడుగా 2024 మే నుంచి ఐఫోన్లు, ఆండ్రాయిడ్ ఫోన్లు రెండూ ఒకే పద్ధతి మీద హెచ్చరిస్తున్నాయి. ఆ పద్ధతి సారం మేం సొరంగంలో కనుక్కున్నామనుకుని మురిసిపోయినదే. చోటు మారినా మనతోనే ఉంటున్న పరికరం ఏది? అలాగైతే రైల్లో అందరి సూట్‌కేసు ట్యాగులకీ అందరి ఫోన్లూ మొరగాలి కదా అని వాడి సందేహం. మంచి సందేహం. యజమాని ఫోను దగ్గర్లో ఉన్నంతసేపు ట్యాగు ఆ సంగతి కూడా తన ప్రకటనలో చెబుతుంది, మిగతా ఫోన్లు దాన్ని పట్టించుకోవు. యజమానికి దూరమై, మనవెంటే వస్తున్నదాని మీదే అనుమానం. దూరమైన ట్యాగు తన చిరునామాని రోజుకోసారే మార్చుకుంటుంది కాబట్టి వెంటబడితే దొరుకుతుంది. దాచుకోవడానికి, దొరకడానికి మధ్య ఎవరో చాలా జాగ్రత్తగా గీసిన గీత అది. ఇలాంటి గీతలు గీసేవాళ్ల పేర్లు మనకు తెలియకపోవడం అన్యాయం.

బొర్రా గుహల స్టేషన్‌లో సగం బోగీ ఖాళీ అయింది. ఆ సంగతి జాబితాలో వెంటనే తెలియలేదు, దిగినవాళ్లు ప్లాట్‌ఫారం మీద ఉడకేసిన వేరుశనక్కాయలు బేరమాడుతున్నంతసేపూ వినిపిస్తూనే ఉన్నారు. రైలు కదిలాక పోయారు. శిమిలిగుడలో చలి తగిలింది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు, బ్రాడ్‌గేజ్‌లో ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్. అక్కడ కొత్తగా వినిపించినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మైదానంలో సెకనుకో వరుస చేరిన జాబితా ఇక్కడ నిమిషాల తరబడి కదలకుండా ఉంటే, మొదటిసారి ల్యాప్‌టాప్ మీదనుంచి చూపు తిప్పి వలిసె పూల చేలు చూశాం. కొండ వాలంతా పసుపు.

అరకులో దిగి బల్ల మీద కూర్చుని, రైలు వెళ్లేదాకా తెర తెరిచే ఉంచాం. అది వాడి ఆలోచనే, చాలా మంచిది. రైలు కిరండూల్ వైపు కదులుతుంటే వెనక బోగీలు మా ముందునుంచి పోవాలి. వాటిలోని హాట్‌స్పాట్‌లు ఒక్కొక్కటిగా బలపడి, మా ఎదురుగా పతాకస్థాయికి చేరి, తగ్గుతూ పోయాయి. చివరి బోగీ మలుపు తిరిగాక చూస్తే, గంటన్నర దాటి మాతో ఉన్న జాబితాలో సగానికి పైగా వరుసలు ఒకే నిమిషంలో ఆగిపోయి ఉన్నాయి. అవి రైలుతో ముందుకు పోయినవాళ్లవి. ఇంకా పలుకుతున్నవి మాతో దిగినవాళ్లవి. ఎవరు టికెట్ ఎక్కడిదాకా కొన్నారో టీటీఈకి కాగితం మీద ఉన్నది మాకు తెర మీద వచ్చేసింది. వినికిడి యంత్రం రెండు గుంపుల్లో ఎందులో ఉందో నేను చూశాను. వాడు చూడకముందే ఆ వరుస చెరిపేశాను.

ఆటోలో చాపరాయి వైపు పోతూ మిగతా ఫైలు మీద బేరాలాడుకున్నాం. వాడికి కాలేజీ ప్రాజెక్టు కోసం అంతా ఉంచుకోవాలని ఉంది. ప్రాజెక్టుకి కావలసింది సమయాలు, సిగ్నల్ అంకెలేగా, పేర్లెందుకన్నాను. పేర్ల గడి మొత్తం ఖాళీ చేసి, చిరునామాల స్థానంలో వరుస సంఖ్యలు వేసి, పాత ఫైలు తీసేశాడు. ఆటోవాలా అద్దంలోంచి చూసి, లాడ్జి బుక్ చేస్తున్నారా సార్, నాకు తెలిసినవాళ్లున్నారు అన్నాడు.